ఇంటి పేరేంది బిడ్డా?

మా వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. కులం గురించి మాట్లాడటం మానేస్తే కులం దానంతటదే పోతుందట. చదువుకున్నవాళ్లు ఇప్పుడు ప్రతిభే చూస్తున్నారట. ఎవరివాళ్లను వాళ్లు చూసుకోవడం సహజమట, దానివల్ల ఎవరికీ నష్టం లేదట. నా డిగ్రీ దోస్తు ఒకడు దీనికి చప్పట్ల బొమ్మ కూడా పెట్టాడు.

మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే 2004లో వెలువరించిన ఒక పరిశోధనలో, ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత దారి కనుక్కునే పజిళ్లు చేయించారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు, పైకులాల పిల్లలు సమానంగా చేశారు. అందరిముందు కులం చదివి వినిపించాక దళిత పిల్లలు పూర్తిచేసిన పజిళ్ల లెక్క పడిపోయింది. "చూసినవా, కులం చెప్పకపోతే అయిపాయె" అన్నాడు దోస్తు. చెప్పకుండా ఉండటం మన చేతిలో ఉంటే కదా!

పోయినేడు సుబేదారి దిక్కు అద్దె ఇల్లు చూడబోయాను. ఇల్లు బాగుంది, బండి పెట్టుకోను జాగా ఉంది. ఇంటామె వంటగది చూపించి, సింకు కింద కారుతున్న పైపు బాగు చేయిస్తానని కూడా అంది. మెట్లు దిగుతుంటే అడిగింది: "ఇంటి పేరేంది బిడ్డా?" చెప్పాను. "ఊర్లె ఏ దిక్కుంటరు?" అదీ చెప్పాను. తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. "మా తమ్మున్ని అడిగి ఫోన్ చేస్త" అంది. నా నంబరు మాత్రం అడగలేదు.

ప్రతిభ సంగతి చూద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో అచ్చయిన అధ్యయనం కోసం ప్రైవేటు ఉద్యోగాలకు ఒకేలాంటి అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపారు. పైకులాల పేర్లకంటే దళిత పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి, ముస్లిం పేర్లకు మరీ తక్కువ. పిలుపే రానివాడు ప్రతిభ ఎక్కడ చూపించాలి?

ఇక నష్టం లేదన్న మాట. మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ బడిపిల్లలను ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చినవాళ్లంటూ ఉత్తుత్తిగా రెండు గుంపులు చేశారు. డబ్బు పంచమంటే, తమ గుంపుకు కొంత తగ్గినా సరే, అవతలి గుంపుకంటే పైన ఉండేలా పంచడానికే మొగ్గారు.

సుబేదారిలో ఆ టులెట్ బోర్డు ఇంకో రెండు నెలలు గేటుకే వేలాడింది. ఆ రెండు నెలల అద్దె ఎవరిది పోయినట్టో నా దోస్తే చెప్పాలి.