సవరణ: ఫ్యాన్ లేని 10 గిగాబిట్ స్విచ్ గురించి

ఇంట్లో చప్పుడు లేని 10 గిగాబిట్ (సెకనుకు 10 గిగాబిట్ల వేగం) నెట్‌వర్క్ గురించి పోయినవారం రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. ఫ్యాన్ లేని స్విచ్‌లో (కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె) ఉన్న నాలుగు ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టుల్లోనూ (మాడ్యూల్ గానీ కేబుల్ గానీ గుచ్చే 10 గిగాబిట్ సాకెట్లు) కాపర్ మాడ్యూళ్లు, అంటే రాగి నెట్‌వర్క్ కేబుల్ తగిలించే ప్లగ్గులు, పెట్టుకోవచ్చన్నాను. పెట్టకండి. రాగి కేబుల్ మీద 10 గిగాబిట్ నడిపే మాడ్యూల్ ఒక్కోటీ రెండు మూడు వాట్లు తాగుతుంది. అదంతా వేడే. నాలుగూ పక్కపక్కన పెట్టిన మర్నాడు ఒకటి బయటికి లాగబోతే వేలు చురుక్కుమంది. మధ్యాహ్నం పూట లింకు పడిపోవడం మొదలైంది. తప్పు స్విచ్‌ది కాదు, నాదే. ఇప్పుడు పక్కనే ఉన్న పీసీకి, స్టోరేజీ డబ్బాకి డీఏసీ కేబుళ్లు (రెండు చివర్లా ప్లగ్గు బిగించే వచ్చే పొట్టి కేబుళ్లు) వేశాను; అవి లాగే కరెంటు లెక్కలోకే రాదు. పై గదికి ఫైబర్ లాగాను. కాపర్ మాడ్యూల్ ఒక్కటే మిగిలింది, దాని పక్కన అలా వేడెక్కేది ఇంకోటి లేదు.

రెండోది, క్యాట్ 6 (రాగి నెట్‌వర్క్ కేబుళ్లలో ఒక రకం) మీద 10 గిగాబిట్ 100 మీటర్లు వెళ్తుందన్నాను. వెళ్లేది 55 మీటర్ల వరకే, కేబుళ్లు గుత్తిగా కట్టేస్తే ఇంకా తక్కువ. 100 మీటర్లకు క్యాట్ 6ఏ కావాలి. (ఇంట్లో అంత దూరం ఎవరికి కావాలి అంటారా, నిజమే!) గోడలో పాత క్యాట్ 5ఈ ఉన్నవాళ్లు 2.5 గిగాబిట్‌తో సరిపెట్టుకోవచ్చు, గోడ పగలగొట్టక్కర్లేదు.