తాళం వేసిన ఇంట్లో ఒక వడ్రంగి బల్ల

తిరుపతి బైరాగిపట్టెడలో మా నాన్న కట్టించిన ఇల్లు ఏడాదిలో పదకొండు నెలలు తాళం వేసే ఉండేది. మా వీధిలో అలాంటివి ఇంకో నాలుగున్నాయి. పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. పక్కింటివాళ్ళు వచ్చి తులసికోటలో నీళ్ళు పోసి వెళ్తుంటారు. ఇక్కడ అమెరికాలో మా గ్యారేజీలోనేమో గోడ నిండా పనిముట్లు. వాటి మీద చెయ్యి పడేది శని, ఆదివారాల్లోనే.

ఊళ్ళో ఇల్లున్న మనం కింద పార్కింగ్ జాగానో, ముందు గదినో తెరిచి, చిన్న వడ్రంగి షెడ్డుగా మార్చి వీధికి అప్పగించాలని నా అభిప్రాయం. ఊరికి ఏదైనా చేద్దామనుకోగానే మనకు గుర్తొచ్చేవి స్వాగత ద్వారం, బస్ షెల్టర్, వాటర్ ప్లాంట్. అవీ కావలసినవే. కానీ మన వీధి పిల్లలకు కోచింగ్ సెంటర్లు అడుగుకొకటి ఉన్నాయి, ఒక చెక్కముక్కను చేతిలోకి తీసుకుని కొలిచి కోసే చోటు ఒక్కటీ లేదు. బయట దేశాల్లో ఇది పాత ఆలోచనే. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పబ్లిక్ లైబ్రరీ 1979 నుంచి పుస్తకాల్లాగే పనిముట్లనూ ఇంటికి ఇస్తోంది. ఆస్ట్రేలియాలో రిటైరైన మగవాళ్ళు కలిసి కూర్చుని పని చేసుకునే షెడ్లు 1990ల్లో మొదలై ఊరూరా పాకాయి. మనకు వాళ్ళకన్నా ఒక సౌకర్యం ఎక్కువ. ఏర్పేడు మండలంలోని మాధవమాలలో ఇప్పటికీ చెక్కలో దేవుళ్ళను చెక్కుతున్నారు. చెయ్యి తిరిగిన వడ్రంగి మన వీధి చివరే ఉంటాడు.

రెండేళ్ళ కిందట మా ఇంటి కింద కారు పెట్టే జాగాలో మొదలుపెట్టాను. మొదట చేసిన పొరపాటు, పనిముట్లు ఇక్కడి నుంచి మోసుకెళ్ళడం. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, ఆ సంగతి నాకు తెలుసు కదా అని ఊరుకున్నాను, ప్లగ్గు మీద రాసిపెట్టలేదు. పక్కింటి అబ్బాయి చెక్కను నునుపు చేసే సాండర్‌ను నేరుగా గోడ సాకెట్లో పెట్టాడు. ఒక్క కేక వేసినట్టు తిరిగి, కాలిన వాసన, పొగ. ఆ పిల్లవాడి మొహంలో భయం చూసి నా ప్రాణం ఉసూరుమంది. తప్పు వాడిది కాదు, నాది. కోత మిషన్ లాంటి పెద్ద మోటారైతే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పూర్తిగా లాభం లేదు. ఇక్కడ 60 హెర్ట్జ్‌కు తిరిగే మోటారు అక్కడి 50 హెర్ట్జ్‌కు ఆరో వంతు వేగం తగ్గిపోతుంది. మిషన్లు అక్కడే కొనండి. మంచి ఉలి, మూలమట్టం, చెక్కల్ని బిగించి పట్టే క్లాంపులు పట్టుకెళ్ళండి.

అసలు మిషన్ల కన్నా ముందు కావాల్సింది బల్ల. తిరుపతిలో రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా, పాత ఇళ్ళు కొట్టి అపార్ట్‌మెంట్లు కట్టినప్పుడల్లా దూలాలు, ద్వారబంధాలు పాత కలప అంగళ్ళకు చేరతాయి. యాభై అరవై ఏళ్ళు ఇంటి కప్పు కింద ఆరిన టేకు, వేప. కొత్త కలప అంత నిలకడగా ఉండదు. మా బల్ల పైచెక్క అలాంటి వేప దూలమే, మూడంగుళాల మందం. చిత్రిక పట్టేముందు మేస్త్రీ దాని మీద అయస్కాంతం పెట్టి జానెడు జానెడుగా జరిపాడు. పదకొండు మేకులు బయటపడ్డాయి. అందులో ఒకటి తల విరిగి లోపలే ఉండిపోయింది, కంటికి కనిపించదు. అది తగిలుంటే చిత్రిక బ్లేడు నోరు పోయేది.

ఆ మేస్త్రీ గురించి చెప్పాలి. నలభై ఏళ్ళు తలుపులు, కిటికీలు చేసిన మనిషి. రెడీమేడ్ తలుపులు, ప్లైవుడ్ వచ్చాక పని తగ్గి ఇంట్లో కూర్చున్నాడు. మొదటి రోజు నేను తెచ్చిన ఉలిని చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు. సానరాయి మీద నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి, ఉలి వీపును, అంటే వాలు లేని వైపును, రాయికి ఆనించి, రెండు వేళ్ళతో నొక్కి రుద్దడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు అదే పని. "ఉలికి వీపు ముందు చదును కావాల సామీ, తర్వాతే వాలు" అన్నాడు. వీపు అద్దంలా మెరిశాక తిప్పి వాలు పట్టాడు. చివర ఒక మామిడి చెక్క అడ్డకోత మీద పెట్టి తోశాడు. మైనం కోసినట్టు మెరుస్తూ తెగింది. చుట్టూ నిలబడ్డ పిల్లలు ఒక్కరూ ఫోను వైపు చూడలేదు.

అందుకే ఈ విషయంలో నాది గట్టి పట్టు. మేస్త్రీకి జీతం ఇవ్వాలి. సేవ, స్వచ్ఛందం అని పెద్ద మాటలు చెప్పి ఆయన సాయంత్రాలను ఊరికే తీసుకోవడం న్యాయం కాదు. మేము ముగ్గురు స్నేహితులం కలిసి నెలనెలా పంపుతున్నాం. కంప్యూటర్ నేర్పినవాడికి ఫీజు కట్టి, ఉలి పట్టడం నేర్పినవాడికి టీ ఇచ్చి పంపే అలవాటు మనలో ఉంది. చేతిపని మన కులానిది కాదన్న పాత చిన్నచూపే దాని వెనక ఉందని నా నమ్మకం. మా అమ్మ కూడా మొదట్లో "మనకెందుకురా ఈ వడ్రంగం?" అంది. తొమ్మిదో తరగతి చదివే ఎదురింటి అమ్మాయి చేసిన ముక్కాలిపీట మీద కూర్చుని ఇప్పుడు పూలు కడుతోంది.

పంచుకోవడంలో మేము నేర్చుకున్నది కూడా చెబుతాను. చోటు, బల్ల, క్లాంపులు అందరివీ. పనిముట్టు మాత్రం గడప దాటదు. ఒకసారి డ్రిల్లింగ్ మిషన్ గోడకు రంధ్రాలు కొట్టడానికి వెళ్ళి మూడు వారాలకు సిమెంటు దుమ్ముతో బిగుసుకుపోయి వచ్చింది. ఉలి, చిత్రిక వాడినవాళ్ళు సాన పట్టే తిరిగి పెట్టాలి. కోత మిషన్ స్విచ్చుకు తాళం, తాళంచెవి మేస్త్రీ జేబులో. ఆయన లేనప్పుడు అది తిరగదు, ఎంత అర్జెంటయినా సరే. కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పనిసరి. దుమ్మును తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కదుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. తలుపులు బార్లా తీసి, మాస్కు పెట్టుకునే సాండింగ్ చేయాలి.

మన వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. మే నెల ఎండలో బిగువుగా చేసిన తలుపు, ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక కార్తీక మాసానికల్లా ఫ్రేములో పట్టేస్తుంది. చెక్క పొడవునా పెద్దగా కదలదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే మేస్త్రీ ఎండాకాలంలో చేసే తలుపుకు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) సందు వదలమంటాడు.

ఇంకొకటి. ఎర్రచందనం ముక్క ఎవరు తెచ్చినా లోపలికి రానివ్వకూడదు. ఇంట్లో ఎప్పటిదో ఉందన్నా, చిన్న బొమ్మకేనన్నా ఒప్పుకోవద్దు. శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని చెట్టు అది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. కాగితాలు లేని కలప ఒక్కటి దొరికితే షెడ్డు మూతపడుతుంది, మేస్త్రీ స్టేషన్ చుట్టూ తిరగాలి.

మా షెడ్డు వారంలో ఐదు రోజులు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచి ఉంటుంది. ఈ డిసెంబరులో ఊరికి వెళ్ళేవాళ్ళు ఒకసారి వచ్చి చూడండి. మీ వీధిలోనూ తాళం వేసిన గది ఉంటే మేస్త్రీని తీసుకెళ్ళి చూపించండి, బల్ల ఎక్కడ పడుతుందో ఆయన చెబుతాడు. సూట్‌కేసులో కాస్త జాగా మిగిలితే రెండు క్లాంపులు పడేయండి. జిగురుతో అతికించిన చెక్క రాత్రంతా బిగువులో ఉండాలి, మా దగ్గర ఉన్నవి ఎనిమిదే. తొమ్మిదో పిల్లవాడు మరుసటి రోజు దాకా ఆగాల్సి వస్తోంది.