సీసాకి లైసెన్సు ఉంది, వీధికి దిక్కెవరు?

వైన్ షాపు ఉన్న సందు ఎలా ఉంటుందో కర్నూలు వాళ్లకీ, అనంతపురం, కడప వాళ్లకీ వేరే చెప్పనక్కర్లేదు. నలిపి పడేసిన ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, పకోడీ బండి, దారికి అడ్డంగా నిలిపిన బైకులు, గోడ పొడుగునా మూత్రం కంపు. చీకటి పడ్డాక ట్యూషన్‌కి పోయిన ఆడపిల్ల ఇల్లు చేరేదాకా తల్లికి టెన్షనే. మా వీధి చివరా ఇదే పరిస్థితి. కాలనీ వాళ్లం అర్జీ పట్టుకుని మూడు ఆఫీసులు తిరిగాం. ఒకచోట ‘షాపుకి లైసెన్సు ఉంది, టైముకి మూస్తున్నారు, మేమేం చేస్తాం’ అన్నారు. రెండోచోట ‘గొడవైతే ఫోన్ చేయండి, వస్తాం’ అన్నారు. మూడోచోట ‘సీసాలు ఏరించడం వరకే మా పని’ అన్నారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. చట్టం పనిని అలాగే పంచింది. సీసా ఎక్సైజ్ వాళ్లది, కొట్లాట పోలీసులది, చెత్త కార్పొరేషన్‌ది. మధ్యలో మనుషులు నడిచే వీధి ఎవరి ఖాతాలోనూ లేదు.

మద్యం మీద మన చర్చంతా సీసా చుట్టూనే తిరుగుతుంది. 2019 అక్టోబర్ నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపినప్పుడు ఏ బ్రాండు దొరకడం లేదు, ధర ఎంత పెరిగింది అన్నదే మాట. 2024 అక్టోబర్‌లో లాటరీ తీసి 3,396 దుకాణాలు ప్రైవేటు చేతికిచ్చాక 99 రూపాయల క్వార్టర్ వచ్చిందా లేదా అన్నది మాట. 2025లో షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు తిరిగొచ్చాక వాటి ఫీజు లెక్క. నది అవతలి నుంచి వచ్చే కర్ణాటక మద్యం టెట్రా ప్యాకెట్లు సరేసరి. తాగేవాడి ఇబ్బంది, అమ్మేవాడి లాభం, ఖజానా రాబడి మాట్లాడుకున్నాక అంతా లేచి వెళ్లిపోతారు. షాపు పక్కింట్లో కాపురముంటున్న కుటుంబం ఈ రెండు ప్రభుత్వాల్లో దేని లెక్కలోనూ లేదు.

దుకాణం ఎక్కడ పెట్టాలి, గడువు తీరాక అక్కడే ఉండాలా వద్దా అనే దాంట్లో ఆ వార్డుకి చట్టబద్ధంగా మాట ఉండాలన్నది నా వాదన. నేను మద్యనిషేధం అడగడం లేదు. 1995లో పెట్టి 1997లో ఎత్తేసిన నిషేధాన్ని చూసిన తరం మాది. అడిగేదల్లా చిన్న కోరిక.

ఇప్పుడు జరిగేది చూడండి. టిఫిన్ సెంటర్ పెట్టాలంటే కార్పొరేషన్ దగ్గర ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. బ్రాందీ షాపు పెట్టేటప్పుడు మాత్రం కార్పొరేషన్ అభిప్రాయంతో పనిలేదు. మండలానికో, పట్టణానికో ఇన్ని దుకాణాలని ప్రకటిస్తారు, లాటరీలో పేరొచ్చిన మనిషి ఆ పరిధిలో గది చూసుకుంటాడు, ఎక్సైజ్ అధికారులు సరే అంటారు. గుడికి, బడికి, ఆసుపత్రికి 100 మీటర్ల దూరం ఉండాలన్న నిబంధన ఉంది. ఇల్లు ఆ జాబితాలో లేదు. హైవేలకి 500 మీటర్ల లోపు మద్యం అమ్మొద్దని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆశపడ్డాం. 2017 జూలైకల్లా పట్టణ పరిధికి అది వర్తించదన్నారు. 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని పెరిగిన కర్నూలుకి దాంతో ఒరిగిందేమిటి?

ఇక శిక్షలు. తాగి నలుగురిలో అల్లరి చేస్తే భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ కింద 24 గంటల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదంటే సమాజ సేవ. మామూలు న్యూసెన్స్‌కి 292వ సెక్షన్, అదీ వెయ్యి రూపాయలే. 2024లో లైసెన్సు ఫీజే ఏడాదికి 50 లక్షల నుంచి 85 లక్షల దాకా పెట్టిన వ్యాపారం ఇది. జరిమానా కట్టేదేమో వీధిలో దొరికిన కూలీ మనిషి. రాష్ట్రంలో కొన్నిచోట్ల పోలీసులు డ్రోన్లు ఎగరేసి మరీ పొలాల్లో, గుట్టల్లో తాగేవాళ్లని పట్టుకుంటున్నారు. షాపు ముందు నిలబడి తాగేవాళ్లని చూడ్డానికి డ్రోన్ ఎందుకు?

ఉన్న చట్టంలోనే ఒక గట్టి ఆయుధం వాడకుండా పడి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్, పాత సీఆర్పీసీలో 133. ఏదైనా వ్యాపారం చుట్టుపక్కల జనం ఆరోగ్యానికో, మామూలు బతుక్కో ఇబ్బందిగా మారితే దాన్ని సరిచేయమనో, ఆపమనో, వేరేచోటికి మార్చమనో ఆర్డీవో షరతులతో ఉత్తర్వు ఇవ్వొచ్చు. పోలీసు రిపోర్టే ఉండాలని లేదు, జనం ఇచ్చిన సమాచారం చాలు. ఈ సెక్షన్ బలమేమిటో 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసు చూపించింది. మధ్యప్రదేశ్‌లోని ఆ ఊళ్లో మురుగు కాలువలు లేక, ఆల్కహాల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే కంపు నీళ్లు వీధిలోనే పారుతుంటే జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. డబ్బుల్లేవని మున్సిపాలిటీ చెప్పిన సాకు చెల్లదని సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు. లైసెన్సు ఇచ్చింది సీసా అమ్ముకోవడానికి. సందుని బారుగా మార్చుకునే హక్కు అందులో ఎక్కడుంది?

ఇక వార్డు మాట చెల్లే పద్ధతి ఎక్కడా లేనిది కాదు. మహారాష్ట్రలో వార్డులోని ఓటర్లలో నాలుగో వంతు సంతకాలు పెడితే దుకాణం మీద ఓటింగ్ పెడతారు. బ్యాలెట్ మీద నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మలుంటాయి. పడుకోబెట్టిన సీసా గెలిస్తే షాపు మూసేయాలి. చదువురాని అమ్మకి కూడా అర్థమయ్యే బ్యాలెట్ అది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే గిరిజన ప్రాంతాల్లో, మద్యం నియంత్రించే అధికారం గ్రామసభకి ఇచ్చింది. పాడేరు గ్రామసభకి ఉన్న హక్కు ఆదోని వార్డుకి ఎందుకు లేదు? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా నిషేధం తెచ్చుకున్న రాష్ట్రమిది. ఆ ఆడవాళ్ల మనవరాళ్లకి తమ వీధిలో షాపు వద్దని చెప్పడానికి ఒక కాగితం ముక్క కూడా లేదు.

వార్డుకి అధికారమిస్తే కార్పొరేటర్లు షాపుల దగ్గర మామూళ్లు గుంజుతారని, షాపు మూస్తే లైసెన్సు లేని బెల్టు షాపు పుడుతుందని కొందరంటారు. ఆ భయం నిజమే. అందుకే నిర్ణయం కార్పొరేటర్ చేతిలో పెట్టమనడం లేదు, ఓటర్ల చేతిలో పెట్టమంటున్నాం. బెల్టు షాపుల సంగతంటారా, ఈ హక్కు లేనప్పుడూ అవి ఉన్నాయి.

ఈ విషయంలో నాకు కోపం వచ్చేది అమరావతి మీద కంటే మన మీదే. కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక దగ్గర్నుంచి ఇవాళ్టి హైకోర్టు బెంచ్ దాకా రాయలసీమ అడుగుతున్నది వికేంద్రీకరణే. 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉన్న ఊరు మాది, ఆ గాయం ఇంకా మానలేదు. నేనూ ఆ ఊరేగింపుల్లో నడిచినవాణ్నే. కానీ మనం అడిగిన వికేంద్రీకరణంతా ఆఫీసు భవనాల దగ్గరే ఆగిపోయింది. కర్నూలుకి కోర్టు రావాలన్నాం, కమిషన్ రావాలన్నాం, బోర్డు రావాలన్నాం. కల్లూరు వార్డుకి తన సందు మీద అధికారం రావాలని ఏ వేదిక మీదా అడగలేదు. పట్టణాల పాలనని మున్సిపాలిటీలకి అప్పగించాలన్న 74వ రాజ్యాంగ సవరణ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా మున్సిపాలిటీ చేతికి వచ్చింది చీపురు మాత్రమే. 2019లో వార్డు సచివాలయాలు పెట్టారు, వాటిలో మహిళా పోలీసును కూడా నియమించారు. షాపు పక్క సందులో సాయంత్రం ఏం జరుగుతుందో రోజూ రాసి పెట్టే రిజిస్టర్ ఆమె చేతికిచ్చి, లైసెన్సు ఫైలుకి దాన్ని జత చేస్తే ఎంత తేడా వస్తుందో ఆలోచించండి. దానికి కొత్త ఆఫీసు కట్టనక్కర్లేదు.

ఇప్పటి దుకాణాల లైసెన్సు గడువు 2026 సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. కొత్త పాలసీ రాసేటప్పుడు వార్డు ఓటింగ్ నిబంధన పెట్టాలని కర్నూలు, అనంతపురం, కడప కార్పొరేషన్లు తీర్మానం చేసి పంపాలి. మా కాలనీ వాళ్లం మాత్రం అందాకా ఆగదలుచుకోలేదు. 152వ సెక్షన్ కింద ఆర్డీవోకి ఇచ్చే అర్జీ మీద సంతకాలు మొదలుపెట్టాం. ఫోటోలు తీసి తేదీ, టైము వేసి జత చేస్తున్నాం. మీ వీధిలో ఇదే బాధ ఉంటే మీరూ అదే పని చేయండి, సంతకాలు ముందు ఆడవాళ్లతో పెట్టించండి.