మహారాజశ్రీ టెంపరేచర్ ముల్లు గారికి

డ్యాష్‌బోర్డు నివాసులు, మహారాజశ్రీ టెంపరేచర్ ముల్లు గారి దివ్య సముఖానికి,

మదనపల్లె నుంచి మీ పికప్ బండి ఓనరు కమ్ డ్రైవరు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీ క్షేమం ఏ నిమిషానికి ఆ నిమిషం నేనే చూసుకుంటున్నాను. రెండేళ్లుగా రోడ్డు మీద ఒక కన్ను, మీ మీద ఒకటిన్నర కన్ను పెట్టి బండి తోలుతున్నాను. మా ఆవిడ ముఖం ఇంత శ్రద్ధగా చూసి ఉంటే నా కాపురం ఇంకోలా ఉండేది.

మీకు మేం అడిగింది పెద్ద ఉద్యోగం కాదు. ఇంజన్ చల్లగా ఉందని చెప్పే ‘సీ’ ఒక కొసన, కాగిందని చెప్పే ‘హెచ్’ ఇంకో కొసన, మధ్యలో కూర్చోండి అన్నాం. మీ పక్కింటి డీజిల్ ముల్లు గారిని చూడండి. పోస్తే లేస్తారు, తాగితే పడుకుంటారు, అంతా తేటతెల్లం. చివరికి మా ఊరి టమాటా ధర కూడా మీకంటే నయం. పొద్దున వేలంలో పడిందంటే సాయంత్రం దాకా పడే ఉంటుంది, మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. మీరు ఏడవనూ ఇవ్వరు, ఊరుకోనూ ఇవ్వరు.

మన రూటు మీకు తెలియనిది కాదు. 50 బాక్సులు, బాక్సుకు 30 కిలోలు, అంటే టన్నున్నర సరుకు. పుంగనూరు, పలమనేరు మీదుగా మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు, రాణిపేట దాటి, తెల్లారేలోపు చెన్నై కోయంబేడు మార్కెట్లో ఉండాలి. ఘాట్ దిగుతున్నంత సేపూ తమరు ‘సీ’ దగ్గర దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు. తిరుగు ప్రయాణంలో దాణా మూటలేసుకుని అదే ఘాట్ ఎక్కుతుంటే మాత్రం ‘హెచ్’ గారి గడప దాకా వెళ్లి తలుపు తడతారు. నేను ఏసీ ఆపుతాను. అయినా దిగరు. హీటర్ ఆన్ చేసి ఫుల్లులో పెడతాను, ఇంజన్ వేడి కొంత క్యాబిన్‌లోకి లాగితే మీరు చల్లబడతారని. మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, చిత్తూరు జిల్లాలో హీటర్ వేసుకుని కూర్చున్న మనిషిని మీరు తప్ప ఎవరూ చూసి ఉండరు. పక్కన కూర్చున్న క్లీనర్ కుర్రాడు ఏమీ అనలేదు. చొక్కా విప్పి కాళ్ల కింద పడేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడంతే.

మొదట్లో మీరు అబద్ధాలు చెబుతున్నారనే అనుకున్నాను. కాణిపాకం దగ్గరే కదా, వరసిద్ధి వినాయకుడి ముందు నిలబెట్టి ప్రమాణం చేయిద్దామా అనీ అనిపించింది. అంత దూరం వెళ్లక్కర్లేదు, సెన్సార్ మార్చమన్నారు. అప్పుడు తెలిసింది, మీకు సొంతంగా ఏమీ తెలియదని. ఇంజన్ నీళ్లలో మునిగి ఉండే ఆ చిన్న ఇత్తడి ముక్క లోపల వేడి పెరిగేకొద్దీ కరెంటు నిరోధం తగ్గుతుంది, దాన్నిబట్టి మీరు లేస్తారు. ఎవరో చెప్పింది విని ఊగేవాళ్లు మా ఊళ్లోనూ చాలామంది ఉన్నారు లెండి. కొత్త సెన్సార్ వేశాం, మీరు మళ్లీ అలాగే ఊగారు. ఎలక్ట్రీషియన్ రాత్రిపూట వచ్చి ఒక పని చేశాడు. బండి ఐడిల్‌లో పెట్టి హెడ్‌లైట్లు వేశాడు, ఆపాడు, మళ్లీ వేశాడు. లైటు వేయగానే ముల్లు ఉలిక్కిపడితే ఎర్త్ వైరు తుప్పు పట్టినట్టట. మీరు కదల్లేదు. ‘అన్నా, ముల్లు మంచిదే, రోగం లోపలుంది’ అని చెప్పి, ఆ మంచిమాటకు 300 తీసుకున్నాడు.

ఇక రోగాల వేట. ఇంజన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్‌కీ, దాని ముందుండే ఏసీ కండెన్సర్‌కీ మధ్య చెయ్యి పెడితే ఎండుగడ్డి, పురుగుల రెక్కలు, రెండేళ్ల దుమ్ము గుప్పెడు వచ్చాయి. ఇన్నాళ్లూ వాటర్ సర్వీసువాడు ముందు నుంచి ప్రెషర్ కొట్టి, ఆ చెత్తను భద్రంగా ఇంకా లోపలికి తోశాడు. ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. లోపల పేరుకున్న పొర సంగతి చెప్పను, అది నా పాపమే. దారిలో ఏ బోరు కనపడితే ఆ నీళ్లు పోశాను. మా సీమ బోరు నీళ్లతో కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే. క్యాప్ మార్చాం. దాని స్ప్రింగు గట్టిగా ఉండి ఒక బార్ ప్రెషర్ నిలిపితే నీళ్లు 100 దగ్గర కాదు, 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, పాత క్యాప్ రబ్బరు అప్పడంలా అయిపోయింది. ఇన్ని చేశాక ఘాట్ మీద మీరు ఒక గీత తక్కువ లేచారు. దిగేటప్పుడు మాత్రం అదే నిద్ర.

ఇంజన్ వేడెక్కితే రేడియేటర్ ఫ్యాన్‌ను గట్టిగా పట్టి తిప్పే ఫ్యాన్ క్లచ్ మీద అనుమానం వచ్చింది. వేడి ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని ఫ్యాన్‌ను చేత్తో తోస్తే బద్ధకంగా కదిలింది, గిరగిరా తిరగలేదు. అంటే క్లచ్ బతికే ఉంది.

అప్పుడు మా మెకానిక్ భాయ్ గొంతు తగ్గించి ఆ మాట అన్నాడు: ‘హెడ్ గ్యాస్కెట్.’ ఇంజన్ మంట, నీళ్లు, ఆయిలు ఒకదాంట్లో ఒకటి కలవకుండా హెడ్ కింద ఉండే రేకు పోయిందని. డాక్టరు పరీక్షల కాగితం మడిచి ‘మీతోపాటు ఎవరైనా వచ్చారా’ అని అడిగినట్టుంది. హెడ్ దించాలి, దాని అడుగు చదును చేసే ఫేసింగ్ పట్టాలి, నలభై వేలు చూసుకో అన్నాడు. నేను మూడు రోజులు రేడియేటర్ నీళ్ల ట్యాంకు మూత తీసి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, బుడగలు వస్తున్నాయేమోనని తపస్సు చేశాను. రాలేదు. ఆయిల్ మూత కింద మీగడలాంటిది ఉందేమో చూశాను. లేదు. తెల్ల పొగ లేదు. అయినా నలభై వేలకు అప్పు ఎవరిని అడగాలో లిస్టు రాసుకున్నాను.

ఆ లిస్టులో రెండో పేరు మా వీధి పెద్దాయనది. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. అప్పు అడగడానికి వెళ్తే, డబ్బు సంగతి తర్వాత చూద్దాం, రేపు తెల్లారి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచు నాయనా అన్నాడు. హార్సిలీ కొండ పక్క ఊరు మాది, తెల్లారుజామున చలి బాగానే ఉంటుంది. ఆయన మఫ్లరు చుట్టుకుని వచ్చి, రేడియేటర్ పై హోసును గుప్పిట పట్టుకుని, ‘ఊ, స్టార్ట్ చెయ్’ అన్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు.

‘ఇదేంది, అప్పుడే గోరువెచ్చగా వస్తా ఉంది? వాల్వు ఉందా దీనికి?’

ముల్లు గారూ, ఇక్కడి నుంచి రాయడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

రెండేళ్ల కిందట ఒకసారి బండి హీటెక్కితే, వేరే ఊళ్లో, ఎవరో మెకానిక్, ‘థర్మోస్టాట్ వాల్వు చలి దేశాలకు అన్నా, మన ఎండలకు ఎందుకు, పీకేద్దాం’ అన్నాడు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని తలుపు అది. నేను ‘పీకెయ్’ అన్నాను. నాలుగు వందలు మిగిలాయని టీ కూడా తాగించాను. పీకిన వాల్వు డ్యాష్‌బోర్డు డబ్బాలోనే ఉంది. టోల్ రసీదులు, ఎండిపోయిన నిమ్మకాయ, దాని కింద. మీకు సరిగ్గా మూరెడు దూరంలో.

దాన్ని ఇంటికి తెచ్చి, పాలగిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టాను. ‘ఆ గిన్నె ఇక నువ్వే వాడుకో’ అంది మా ఆవిడ. వాల్వు అంచు మీద 82 అని చెక్కి ఉంది. నీళ్ల అడుగున చిన్న బుడగలు లేస్తుండగా, ఇంకా మరగకముందే, దానిలోపలి మైనం కరిగి ఉబ్బి, పళ్లెం మెల్లగా పైకి జరిగింది. చిటికెనవేలి గోరంత సందు. స్టవ్ ఆపితే మళ్లీ మూసుకుంది. అది రెండేళ్ల కిందటా బాగానే ఉంది, ఇప్పుడూ బాగానే ఉంది.

పెద్దాయన పెరట్లో కూర్చోబెట్టి చెప్పింది విన్నాక మీ ఊగుడంతా అర్థమైంది. వాల్వు లేకపోతే నీళ్లు పొద్దున్నించే రేడియేటర్‌కు పోతాయి, ఇంజన్ వేడెక్కదు. ఘాట్ దిగేటప్పుడు గేర్లో వదిలితే డీజిల్ మండదు, ఎదురుగాలి కొడుతుంది, మీరు పడుకోక ఏం చేస్తారు? మరి ఎక్కేటప్పుడు? అక్కడే ఉంది కిటుకు. మన ఇంజన్లో ఆ వాల్వుకు రెండో పళ్లెం కూడా ఉంది. వేడెక్కి రేడియేటర్ దారి తెరుచుకునేటప్పుడు ఆ పళ్లెం బైపాస్ దారిని మూస్తుంది. వాల్వు పీకేస్తే బైపాస్ బార్లా తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండా ఇంజన్లోకే తిరిగి వస్తాయి. చల్లబడటానికని పీకిన వాల్వు వల్లే బండి కాగింది. చల్లటి ఇంజన్ తాగిన ఎక్కువ డీజిల్‌కు నేను బంకువాళ్లను అనుమానించాను. వాళ్లకు కూడా ఒక ఉత్తరం బాకీ ఉన్నాను.

కొత్త వాల్వు, కొత్త రబ్బరు రింగు, కూలంట్ వేశాం. బండి మూతి ఎత్తుకు పెట్టి, హీటర్ తెరిచి గాలి బుడగలన్నీ పోయేదాకా నింపాం. మొత్తం ఖర్చు ఆ నలభై వేలలో ఒక మూలకు కూడా రాదు.

నిన్న మొగిలి ఘాట్ దిగాం, ఎక్కాం. మీరు మధ్యలో కూర్చున్నారు, అంతే. పోయినవాటికి క్షమించగలరు.

ఇట్లు,
మీ విధేయుడు, డ్రైవరు సీటు

తా.క.: రాత్రి నుంచి మీరు ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. చదునులో కదల్లేదు, ఎత్తులో కదల్లేదు. బంగారుపాళ్యం దగ్గర బండి పక్కకు ఆపి అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టి చూసింది నేనే. హెడ్‌లైట్లు వేసి ఆపింది కూడా నేనే. క్లీనర్ కుర్రాడికి చెప్పకండి.