ఉత్తరపు కిటికీకో ఉత్తరం

మహారాజరాజశ్రీ ఉత్తరపు కిటికీ గారి దివ్యసముఖానికి,

ట్యూబులైటు కింద బల్ల వేసుకుని బతుకుతున్న పక్షుల బొమ్మలవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమనే తలుస్తాను. తలవడం తప్ప చూసే భాగ్యం లేదు కదా. ఇక్కడ నేను, నా కుంచెలు, నీళ్ళ డబ్బా క్షేమం. పాలపిట్ట మాత్రం క్షేమంగా లేదు.

ఎడమ రెక్క ఈ స్టూడియోకి రాకముందు పగటి వెలుతురులో వేశాను, కోబాల్ట్ బ్లూతో. కుడి రెక్కకి వచ్చేసరికి ఆ రంగు ట్యూబు అయిపోయింది. ఫ్తాలో బ్లూ అనే ఇంకో నీలంలో కాస్త ఊదా, కాస్త తెలుపు కలిపి, రెండు రెక్కలూ ఒక్కలా కనబడేదాకా ఈ మధ్యాహ్నమంతా తంటాలు పడ్డాను. కలిశాయి. తేడా చెప్పమంటే నేనే చెప్పలేనంతగా కలిశాయి. ఆ సంబరంలో కాగితం పట్టుకుని మెట్ల దగ్గరికి, కాస్త ఎండ పడే చోటికి వెళ్ళి చూద్దును కదా, ఎడమ రెక్క పాలపిట్టది, కుడి రెక్క ప్లాస్టిక్ బకెట్టుది.

ఇందులో వింతేమీ లేదని తమరికి తెలుసు. కోబాల్ట్ నీలం వెలుతురులోని ఎరుపు చివరను కూడా కొంత తిప్పి పంపుతుంది. ఫ్తాలో దాన్ని మింగేస్తుంది. ట్యూబులైటులో ఆ ముదురు ఎరుపే అంతంతమాత్రం, కనుక మింగినవాడూ మింగనివాడూ ఒకేలా కనిపిస్తారు. పగటి వెలుతురులో ఇద్దరి బండారమూ బయటపడుతుంది. ఆ బండారం బయటపెట్టడానికే కదా మహాప్రభో, తమరు గోడలో ఉన్నది!

పైగా నేను వేస్తున్నది పాలపిట్టని. కూర్చున్నంతసేపూ గోధుమరంగులో ఏమీ ఎరగనట్టుండి, రెక్క విప్పితే ముదురు నీలం, లేత నీలం పట్టీలతో మతిపోగొట్టే పిట్ట. అంత నీలంలోనూ నీలిరంగు పదార్థం చిటికెడు కూడా లేదు. ఈక లోపలి సన్నని నిర్మాణం మీద వెలుతురు పడి చెదిరితే పుట్టే నీలమది. 1934లో సి.వి. రామన్ అంతటివారు ఆ పిట్ట ఈకల రంగు మీద పరిశోధన పత్రం రాశారు. వెలుతురు ఆడే ఆటను నేను డబ్బాల్లోని రంగులతో అనుకరించాలి, అదీ వెలుతురే లేకుండా. నెమలి జోలికీ తేనెపిట్ట జోలికీ వెళ్ళడం ఎప్పుడో మానేశాను. కాకిని వేద్దామా అనుకున్నాను గానీ, దాని నలుపులో ఉండే నీలి మెరుపు గుర్తొచ్చి అదీ మానుకున్నాను.

నేనిక్కడ చోటు తీసుకున్నదే తమరిని చూసి. "వెలుతురు గురించి మీకు బెంగే అక్కర్లేదు సార్, ఉత్తరపు కిటికీ" అన్నారు స్టూడియోవాళ్ళు. ఆ మాట వింటే బొమ్మలవాడెవడైనా పడిపోతాడు. తూర్పు కిటికీ పొద్దున్నే కళ్ళలో పొడుస్తుంది. పడమటిది సాయంత్రానికి కాగితాన్నంతా పసుపు చేస్తుంది. తమరొక్కరే ఎండను లోపలికి రానివ్వకుండా, ఆకాశాన్ని మాత్రం రానిచ్చి, రోజంతా ఒకే మాట మీద నిలబడతారు. (భూమధ్యరేఖకు అవతలున్నవారు దక్షిణపు కిటికీకి రాసుకోగలరు.) చూడ్డానికి వచ్చిన రోజున తమకు అడ్డంగా ఆరడుగుల కాన్వాసు ఒకటి నిలబెట్టి ఉంది. "అదా? తడిగా ఉంది సార్, ఎండగానే తీసేస్తారు" అన్నారు.

ఎండగానే.

అది తైలవర్ణ చిత్రం. పేరు "వెలుగు". నేను నవ్వలేదు, తమరూ నవ్వకండి. నూనె రంగు బట్టల్లా తడి ఆరి ఎండేది కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడేది. గాలే కావాలంటే మెట్ల కింద బోలెడంత ఉంది, వరండాలో ఇంకా ఉంది. ఆ ముక్కే అన్నాను. "లేదు తమ్ముడూ, రంగులో ఉన్న లిన్సీడ్ ఆయిల్ చీకట్లో పెడితే పసుపెక్కుతుంది, వెలుతురు తగలాలి" అన్నాడు దాని సొంతదారు. నా ఖర్మ కొద్దీ అది నిజమే. కాబట్టి పెద్దాయన కాన్వాసు ముఖాన్ని తమ వైపు, వీపును మా వైపు తిప్పి పెట్టాడు. వచ్చిన వెలుతురంతా "వెలుగు" తాగుతుంది. మేము చెక్క చట్రాన్నీ, దాని మీద కొట్టిన మేకుల్నీ చూస్తూ బొమ్మలు వేసుకుంటాం.

మిగతావాటిని నేను పట్టించుకోవడం లేదని గమనించగలరు. సింకులో శిల్పి గారి ప్లాస్టర్ గడ్డకట్టి నీళ్ళు దిగడం లేదు, సరే. నా నీళ్ళ డబ్బాలో ఎవరో టర్పెంటైన్ కుంచె ముంచారు, సరే. బొగ్గుతో గీసే అమ్మాయి ఫూ అని ఊదిన ప్రతిసారీ నా తెల్లకొంగ ఓ పూట కాకి అవుతోంది, అయినా ఆ పిల్ల మంచిది, "సారీ అంకుల్" అంటుంది. ఫ్యాను తిప్పితే వాష్, అంటే నీళ్ళలో పలచగా కలిపి పూసిన రంగు, సమంగా పరుచుకోకముందే అంచులు ఆరి గీతలు పడతాయి, ఆపితే అందరూ నన్నే చూస్తారు. వచ్చినవాళ్ళంతా "ఫోటో తీసుకుంటే పోదా?" అని అడుగుతారు. నాకు అందరూ కలిసి పిట్టలదొర అని పేరు పెట్టారు. అదీ సరే. జహంగీరు కొలువులో సైబీరియా కొంగను వేసిన ఉస్తాద్ మన్సూర్‌కు పాదుషా "నాదిర్-ఉల్-అస్ర్", అంటే ఈ యుగపు అద్భుతం, అని బిరుదిచ్చాడు, నాకు ఇది. ఎవరి కొలువు వారిది. అయితే పాదుషా ఆయన వెలుతురుకు అడ్డంగా ఎవరి కాన్వాసూ పెట్టించి ఉండడని నా నమ్మకం.

ఒక్క పూట తమ దర్శనమైంది. కాన్వాసును ఫోటో తీయించడానికి పట్టుకెళ్ళారు. గది గదంతా మారిపోయింది. తెల్లకొంగ మీద అసలు తెలుపు ఎంత తక్కువో అప్పుడు కనబడింది. మెడ కింద నీలి నీడ, పొట్ట దగ్గర నీళ్ళ మీంచి తిరిగొచ్చిన పసుపు ఛాయ, కాగితాన్ని ఏమీ ముట్టుకోకుండా వదిలేసిన చోట మాత్రమే తెలుపు. ఆ పూట పాలపిట్ట కన్ను వేశాను. ఒక్క చుక్క మెరుపు, ఎక్కడుండాలో అక్కడ పడింది. బొగ్గు అమ్మాయి కూడా ఊదడం మరిచిపోయి నిలబడి చూసింది. తమరిలాగే రోజూ ఉంటే నేను ఈ స్టూడియో సింకును ముద్దుపెట్టుకోవడానికైనా సిద్ధమే.

సాయంత్రానికి కాన్వాసు తిరిగొచ్చింది. ఫోటోలో చూసుకుంటే కింది ఎడమ మూల "కొంచెం మౌనంగా" ఉన్నట్టు అనిపించిందట. ఆయన ఇంకో పొర వేశాడు.

ఇంకో పొర! తమరు పాతకాలపువారు, నూనె బొమ్మల ధర్మం తమరికి చెప్పాలా? కింది పొర కంటే పై పొరలో నూనె ఎక్కువ ఉండాలి, లేకపోతే పగుళ్ళు. నూనె ఎక్కువైతే ఎండడం ఆలస్యం. అంటే ఆయన ఎంత పద్ధతిగా వేస్తే అది అంత ఆలస్యంగా ఎండుతుంది. పైగా వేసింది ఐవరీ బ్లాక్, నూనె రంగుల్లో బద్ధకస్తుల జాబితా రాస్తే మొదటి వరసలో ఉండే రంగు. వేలికి అంటకపోవడం ఒక ఎత్తు, లోపలిదాకా గట్టిపడడం ఇంకో ఎత్తు, ఆ పైన వార్నిష్ వేయాలంటే నెలల తరబడి ఆగమంటారు. ఈ లోపు ఇంకే మూల మౌనంగా అనిపిస్తుందో, కుడి మూల ఎప్పుడు కేకలు పెడుతుందో! ఎండేదాకా అన్న గడువు కాస్తా ఆయనకు తోచేదాకా అయి కూర్చుంది.

"అన్నా, ఎండిందేమో ఓసారి చూడకూడదా?" అని ఇవాళ బకెట్టు రెక్క చేతిలో పట్టుకునే అడిగాను. "చూస్తే తెలీదు తమ్ముడూ, ముట్టుకోవాలి" అన్నాడు. "అయితే ముట్టుకోండి." "ఎండకుండా ఎలా ముట్టుకుంటాం?" అన్నాడు.

అంతే, ఇక మర్యాదలు చాలు కిటికీ. నీకూ బుద్ధి లేదు. వాన జల్లు వచ్చినప్పుడు గడియ ఊడి దడదడా కొట్టుకుని అందరి కాగితాలూ తడుపుతావే, ఆ పౌరుషం ఇప్పుడేమైంది? వెనకనుంచి ఒక్క తోపు తోయలేవా? ఉత్తరపు కిటికీ, ఉత్తరపు కిటికీ అని నీ పేరు చెప్పి నా దగ్గర అద్దె తీసుకుంటున్నారు. ఆ పెద్దాయన కాన్వాసు మాత్రం పైసా కట్టకుండా నీ ఒళ్ళో కూర్చుంది.

రేపు అందరికంటే ముందే వస్తున్నాను. కింది ఎడమ మూల, ఆ మౌనం పలికే చోట, నా బొటనవేలు ఆనించి చూస్తాను. అంటకపోతే ఎండినట్టే, అప్పటికప్పుడు మోసుకెళ్ళి మెట్ల కింద పెడతాను. అంటిందా, ఆ ముద్ర చూసి పెద్దాయన ఎలాగూ అక్కడ ఇంకో పొర వేసుకుంటాడు, వేసుకోనీ. ఈసారి మాత్రం ఆ పొర ట్యూబులైటు కింద, నా బల్ల దగ్గర నిలబడి వేయాలి.

ఇట్లు,
పిట్టలదొర