ట్రాన్సిస్టర్‌కి పేరు పెట్టిందెవరు, మార్కులు కోసిందెవరు?

మా అక్క కొడుకు పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతున్నాడు. మొన్న వైవాలో ‘ట్రాన్సిస్టర్’ అనే పేరు ఎలా వచ్చిందని అడిగారట. వీడు ‘ట్రాన్స్‌కండక్టెన్స్, వేరిస్టర్ కలిపితే వచ్చింది సార్’ అన్నాడు. ‘ట్రాన్స్‌ఫర్ ప్లస్ రెసిస్టర్! గైడ్ కూడా చూడవా?’ అని మార్కులు కోసేశారు. వాడికి ఆ జవాబు నేర్పింది నేనే కాబట్టి అక్క దగ్గర తిట్లు నాకు పడ్డాయి. అందుకే ఈ పోస్ట్.

1947 డిసెంబరులో అమెరికాలో, న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో బార్డీన్, బ్రాటెయిన్ అనే శాస్త్రవేత్తలు ఈ ట్రాన్సిస్టర్‌ని, అంటే బలహీనమైన సిగ్నల్‌ని పెంచే చిన్న ఎలక్ట్రానిక్ ముక్కని పనిచేయించారు. వస్తువు పుట్టింది కానీ పేరు లేదు. బారసాల దాకా పిల్లాడిని ‘బుజ్జిగాడు’ అని లాక్కొచ్చినట్టు కొన్ని నెలలు గడిచాయి. చివరికి బ్రాటెయిన్ తోటి ఇంజినీరు జాన్ పియర్స్‌ని అడిగారు. (ఈయన వేరే పేరుతో సైన్స్ ఫిక్షన్ కూడా రాసేవారు. పేర్లు పెట్టే చెయ్యి అన్నమాట.)

పియర్స్ లెక్క ఇదీ. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులో (వాక్యూమ్ ట్యూబు) ఇటు వోల్టేజీ మారిస్తే అటు కరెంటు మారుతుంది, దాని కొలత ట్రాన్స్‌కండక్టెన్స్. ఈ కొత్త వస్తువు వాల్వుకి తిరగేసిన రూపం కాబట్టి ఇక్కడ ట్రాన్స్‌రెసిస్టెన్స్ అనాలి. అప్పటికే వేరిస్టర్ (వోల్టేజీని బట్టి మారే రెసిస్టర్, అంటే కరెంటుని అడ్డుకునే ముక్క), థర్మిస్టర్ (వేడిని బట్టి మారే రెసిస్టర్) అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. అదే వరసలో ట్రాన్సిస్టర్!

1948 మేలో ల్యాబ్‌లో ఓటింగ్ కూడా పెట్టారు. క్రిస్టల్ ట్రయోడ్, అయోటాట్రాన్ లాంటివి పోటీలో ఉన్నాయి. అయోటాట్రాన్ గెలిచి ఉంటే మన రైతులు పొలం గట్టు మీద ఏమని పిలిచేవారో! ఓటింగ్ కోసం పంచిన కాగితంలోనే వివరణ ఉంది: ‘ట్రాన్స్‌కండక్టెన్స్’ లేదా ‘ట్రాన్స్‌ఫర్’, దానికి ‘వేరిస్టర్’. అంటే సార్ చెప్పినదాంట్లో ముందు సగం నిజమే. వేరిస్టర్ కడుపులోనూ రెసిస్టరే ఉంది, కాదనను. కానీ మావాడిది తప్పెలా అయింది? నా బాధ అదీ. గైడ్‌లో లేని జవాబు వినగానే ‘ఎక్కడ చదివావు?’ అని అడిగితే పోయేది కదా.

మా నాన్నకి ఈ గొడవలేవీ లేవు. గోడకి ప్లగ్గుతో కట్టేసిన వాల్వు రేడియో పోయి, సెల్స్‌తో చంకలో తిరిగేది వచ్చాక, మనవాళ్లు లోపలి ముక్క పేరే పెట్టెకి పెట్టేశారు. నీరసించిన సెల్స్‌ని ఎండలో పెట్టి, ఇంకో రెండు రోజులు వార్తలు వినేవారాయన.

వైవా సంగతి తెలిశాక మనవడిని పిలిచి, ‘ట్రాన్సిస్టరా? అటక మీద ఉంది, తోలు కవరు చినగకుండా దింపు’ అన్నారు.