బొంతమ్మకు ఒక బహిరంగ లేఖ

బొంతమ్మకు,

ఉభయకుశలోపరి. నా ఎడమచేతి చూపుడు వేలు తప్ప ఇంట్లో అందరం క్షేమం. వంగి దండం పెడదామంటే నడుం వంగడం లేదు. అదీ నీ చలవే.

నిన్ను మొదలుపెట్టినప్పుడు నా ఆశ చాలా చిన్నది. అక్క కూతురికి పాప పుట్టింది. బీరువాలో పాత నూలు చీరలు మూలుగుతున్నాయి. ఒక పక్కబొంత కుట్టి ఇచ్చేస్తే చీరల బెడదా తీరుతుంది, చిన్నమ్మమ్మ చేత్తో కుట్టిందన్న పేరూ దక్కుతుంది. పైసా ఖర్చు లేని పని అనుకున్నాను. ఆ పాప ఇప్పుడు ఎల్‌కేజీ. పక్కబొంత ఇంకా నా పక్కనే ఉంది. పాప ఎదిగేకొద్దీ నీ కొలతా పెంచుకుంటూ పోయాను మరి.

మా అమ్మమ్మకు ఒక సూది, ఒక దారపుండ, ఒక వేసవి చాలేవి. నాకు మాత్రం బట్ట కోసే చక్రం, దాని కింద పరిచే చాప, తడి తగిలితే గీత మాయమయ్యే పెన్ను, ఆ గీత ఎందుకు మాయమవలేదో చెప్పే వీడియోలు కావాల్సి వచ్చాయి. చేత్తో కుట్టే సూదుల్లో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని తెలియక, 12వ నంబరంటే పెద్ద సూదే కదా అని తెప్పించాను. దాని కన్నంలోకి దారం ఎక్కించడానికి నా కళ్లజోడూ మా అబ్బాయి కళ్లూ రెండూ పని చేయాల్సి వచ్చింది. ఆ సూదుల ధరెంతో చూద్దామని మా ఆయన కార్డు బిల్లు తెరిచాడు. సూది కోసం సోదికెళ్లడమంటే అదే. ఆ చక్రం, చాప, పెన్ను అన్నీ వరసగా బయటపడ్డాయి.

ఇక లెక్క చెబుతాను, నువ్వే విను. ఐదున్నర మీటర్ల చీరను సగానికి కోస్తే రెండు పొరలు. మూడు చీరలకు ఆరు. రెండు వేళ్ల ఎడంతో ఒక్కో వరస కుట్టుకుంటూ వెళ్తే ముప్ఫై పైచిలుకు వరసలు. సెంటీమీటరుకో కుట్టు చొప్పున ఎంత తక్కువ వేసుకున్నా ఎనిమిది వేలకు పైనే. అందులో మొదటి మూడు వందలు ఎవరూ చూడకముందే విప్పేశాను. పొరలన్నిటినీ కలిపి ముందు కచ్చాకుట్టు వేసుకోకుండా అంచుల నుంచి మొదలుపెట్టాను కదా, నడుమకు వచ్చేసరికి బట్టంతా అక్కడికే జరిగి చిన్న గుట్ట లేచింది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి అయిన సిద్దీ ఆడవాళ్లు కవంద్ అనే తమ బొంతను అంచు నుంచే మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. అయినా వాళ్లకు గుట్టలు లేవవు. పైగా నాలుగు మూలల్లో బట్టను త్రికోణంగా మడిచి కుట్టి, అవి పూలంటారు. నా మూలల్లో ఉన్నవి ముడులు.

బారెడు దారం ఎక్కిస్తే మాటిమాటికీ ఎక్కించే బాధ తప్పుతుందని కూడా అనుకున్నాను. చిక్కు తీసుకోవడానికి అంతకు రెట్టింపు టైం పట్టింది. ఒకసారి పాలియెస్టర్ చీర పొర కూడా పెట్టాను. అది మిగతా వాటితో కలవదు, చెమట పీల్చదు, కుట్టు కింద నుంచి జారిపోతుంది. మా పెదమామగారి గుణమే.

నిన్ను వెనకేసుకొచ్చింది కూడా నేనేనని గుర్తుంచుకో. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే ఊళ్లో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలు చింపి కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారని, 2006లో వాళ్ల దేశం పోస్టల్ స్టాంపులు కూడా వేసిందని మా ఆయనకు ఉపన్యాసమిచ్చాను. ఆయన అంతా విని, "అయితే స్టాంపు సైజులోనే కుట్టు, ఈ సంక్రాంతికైనా అయిపోతుంది" అన్నాడు.

పేపర్ల వాళ్ల మీద కూడా నాకు కోపమే. నాలుగు పార్టీలు కలిస్తే చాలు, అతుకుల బొంత ప్రభుత్వం అని రాసేస్తారు. మా అమ్మమ్మ బొంతలో అతుకులు ముప్ఫై ఏళ్లు కలిసున్నాయి. ఏ పొరా అర్ధరాత్రి పక్క బొంతలోకి దూకలేదు. ఆ మాట అనిపించుకోవడానికి ఆ ప్రభుత్వాలకు ఏ అర్హత ఉంది?

నువ్వు నాకు చేసిన అసలు ద్రోహం వేరే ఉంది. నా చూపు చెడగొట్టావు. పేరంటానికి వెళ్తే తాంబూలం మీద ధ్యాస ఉండదు. పక్కావిడ మంగళగిరి చీర ఎన్ని ఉతుకులకు మెత్తబడి ఉంటుందా అని లెక్కేస్తాను. రంగు వెలిసిన నూలు చీర కనబడితే అది కట్టుకున్న మనిషి ముఖం కూడా చూడను, అంచే చూస్తాను. మొన్న ఒకావిడ, "ఏంటమ్మా, చీర నచ్చిందా?" అని అడిగింది. ఎప్పుడు చిరుగుతుందని అడగబోయి ఆగాను.

ఇప్పుడు నీకు ఇంకొక్క పొర తక్కువైంది. చిల్లులు పడ్డ పొర తీసేశాక కింద పరుచుకోవడానికి సగం చీర చాలు. మా ఇంట్లో ఇంకేం మిగల్లేదు. ఆదివారం మా అత్తయ్య ఊరి నుంచి దిగింది, పాత వెంకటగిరి చీర కట్టుకుని. నీలం రంగు వెలిసి బూడిద రంగుకొచ్చింది. కొంగు దగ్గర చిన్న చిరుగు. కాఫీ గ్లాసు అందిస్తూ చెయ్యి తగిలించి చూశాను, వెన్నలా ఉంది.

"అత్తయ్యా, ఈ చీర మరీ పాతబడిపోయింది, మీకు కొత్తది కొనిపెడతాను" అన్నాను.

ఆవిడ కొంగు దగ్గరకు లాక్కుని, కత్తెర వైపు చూసి, నా వైపు చూసి, "రాత్రికి గది గడియ సరిగ్గా పడుతుందా?" అని మా ఆయన్ని అడిగింది.

ఇట్లు,
సూదీ దారంతో,
నీ చిన్నమ్మమ్మ